పలక, భూపటలం ఒకటేనా? ములుగు భూకంపం తరువాత తరగతిలో వచ్చిన చిక్కు

కృష్ణలంక టీచర్:
నేను విజయవాడలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర వచ్చిన భూకంపానికి ఇక్కడ కూడా నేల కదిలింది కనుక, ఆ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు ఆ రోజునే తలుచుకుంటారు. నిన్న ఒక అమ్మాయి, "పలకలు ఒరుసుకుంటేనే భూకంపం వస్తుందన్నారు కదా, మరి ములుగు దగ్గర ఏ రెండు పలకలు ఒరుసుకున్నాయి?" అని అడిగింది. వెనక బెంచీ అబ్బాయి, "పలకంటే భూపటలమే అయితే రెండు పేర్లెందుకు?" అన్నాడు. ఏదో సర్దిచెప్పాను గాని, నాకే తృప్తిగా లేదు. పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో పెద్దలు సెలవియ్యగలరు.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ముందు ఆ అబ్బాయి ప్రశ్న చూద్దాం. భూమి లోపలి భాగాన్ని రెండు రకాలుగా విభజిస్తారు, మన పుస్తకాలు ఆ రెండింటినీ కలిపేయడం వల్లనే ఈ తికమక. దేనితో తయారైందన్న దాన్నిబట్టి చూస్తే పైన భూపటలం, దాని కింద ప్రావారం, నడిమధ్య కేంద్రమండలం అన్నవి పొరలు. ఎంత గట్టిగా ఉందన్న దాన్నిబట్టి చూస్తే పైన పెళుసైన శిలావరణం, దాని కింద మెత్తబడిన ఆస్తినావరణం ఉంటాయి. పలకలు శిలావరణపు ముక్కలు. ఖండాల కింద భూపటలం మందం సగటున 35 కిలోమీటర్లు, మహాసముద్రాల కింద 7 కిలోమీటర్లు కాగా, పలక మందం సుమారు 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే భూపటలంతో పాటు ప్రావారంలోని పై భాగం కూడా పలకలో చేరిందన్నమాట.

పలక అనగానే పిల్లల మనసులో మార్కాపురం పలక మెదులుతుంది, అది సహజం. అయితే పలుచని బిళ్ళలు నిప్పుల ద్రవంపై తేలుతున్నాయన్న ఊహ కూడా దానివెంటే వస్తుంది, అది తప్పు. ప్రావారం దాదాపు అంతా ఘనపదార్థమే. భూకంపంలో పుట్టే, ద్రవంలో ప్రయాణించలేని ఎస్ తరంగాలు దాని గుండా సాగిపోవడమే అందుకు రుజువు. తారు ముద్దను సుత్తితో కొడితే పగులుతుంది, రోహిణి కార్తె ఎండలో వదిలేస్తే మెల్లగా పరుచుకుంటుంది. ఆస్తినావరణం కూడా లక్షల ఏళ్ళ మీద అలాగే కదులుతుందని చెప్పి చూడండి.

రాళ్ళ విద్యార్థి (గుంటూరు):
మాస్టారి మాటకు కొనసాగింపుగా ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెబుతాను. ములుగు దగ్గర రెండు పలకలు లేనే లేవు, అది పూర్తిగా భారత పలక లోపలి ప్రాంతం. మన పలక ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా సాగుతూ హిమాలయాల దగ్గర యూరేషియా పలకను నెడుతోంది. ఆ ఒత్తిడి వెనక్కు పలక లోపలంతా వ్యాపించి, ఎప్పుడో చీలిన పాత బలహీన మండలాలలో బయటపడుతుంది. గోదావరి లోయ అలాంటిదే. గోండ్వానా (దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న నాటి మహాఖండం) కాలంలో కుంగిన ఆ లోయలోనే సింగరేణి బొగ్గు ఏర్పడింది, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో భూకంపం వచ్చిందీ ఆ లోయలోనే. రాళ్ళు పగిలి జారిన అలాంటి తలాన్ని భ్రంశం అంటారు. ప్రతి భ్రంశమూ పలక సరిహద్దు కాదని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

పత్రికల భాష గురించి ఒక ఫిర్యాదు ఉంది. ములుగు భూకంపానికి "5.3 తీవ్రత" అని రాస్తారు గాని, 5.3 అన్నది భూకంప పరిమాణం, అంటే విడుదలైన శక్తికి కొలత, అది ఎక్కడ చూసినా ఒకటే. తీవ్రత, అంటే ఆ చోట కుదుపు ఎంత బలంగా ఉందన్నది, మాత్రం ఊరూరికీ మారుతుంది. ములుగులో ఉన్నంత విజయవాడలో లేదు. "భూకంప కేంద్రం" అన్న మాటా అంతే. భూమి లోపల కదలిక మొదలైన చోటు నాభి, దానికి నిట్టనిలువుగా పైనున్న చోటు అధికేంద్రం.

కృష్ణలంక టీచర్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తారు ముద్ద రేపే తరగతికి తీసుకువెళతాను. వేడికి, ఒత్తిడికి రూపు మారిన రూపాంతర శిలలకు కూడా ఇలా చేతికందే ఉదాహరణ ఉందా?

బ్రాడీపేట మాస్టారు:
మీరు రోజూ చూసే కొండలే ఉన్నాయి. విజయవాడ కొండల్లోని ఖోండలైట్ రూపాంతర శిలే, ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరది. దానిలోని ఎర్రని గార్నెట్ గింజలను పిల్లలు భూతద్దంతో చూడవచ్చు. గోండ్వానా విడిపోక ముందు మన తూర్పు కనుమలు తూర్పు అంటార్కిటికాతో కలిసి ఉండేవి, ఈ వరుసకు కొనసాగింపు ఇప్పటికీ అక్కడ కనిపిస్తుంది. మార్కాపురం పలకను కూడా పక్కన పెట్టండి. బంకమట్టి అవక్షేప శిలగా మారి, తరువాత ఒత్తిడికి లోనై పలకరాయి అయింది కనుక, అదీ రూపాంతర శిలే.