మబ్బు రోజు తీసిన పల్లె చర్చి ఫోటోలో ఆకాశం మార్చడం తప్పా?

ముసురు_ఫ్రేమ్:
ఊరి చివర పాత రాతి చర్చి, చుట్టూ సమాధులు, పొద్దున్నుంచీ ఒకటే ముసురు. రెండు గంటలు తడుస్తూ తీస్తే ఆకాశం తెల్ల కాగితంలా వచ్చింది. ఫోటోషాప్‌లో స్కై రీప్లేస్‌మెంట్ ఉంది కదా అని నల్లమబ్బులు పెట్టేశా, ఫోటోకి ప్రాణం వచ్చినట్టయింది. ఫ్రెండ్ చూసి ఇది మోసం అన్నాడు. నిజంగా మోసమేనా?

పాతనెగటివ్:
మోసం ఏంటండీ. 1850ల్లోనే గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ సముద్రం ఒక నెగటివ్ మీద, ఆకాశం ఇంకోదాని మీద తీసి కలిపి ప్రింట్ చేశాడు. అప్పటి ప్లేట్లు నీలం కాంతికి మరీ ఎక్కువ స్పందించేవి, నేలకి సరిపడా ఎక్స్‌పోజర్ (వెలుగు) ఇస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. ఆయన చేస్తే కళ, మనం చేస్తే మోసమా?

తడిరాయి:
లె గ్రేకి వేరే దారి లేదండీ, మనకుంది. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరాలన్నీ అలాగే ఉంచే ఫైల్) ఆకాశం మాడకుండా వెలుగు ఒకటి రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది) తగ్గించి తీసి తర్వాత ఎడిటింగ్‌లో గోడల వెలుగు పెంచితే ఆ తెల్లదనంలోనే మబ్బు పొరలు బయటపడతాయి, అదీ చాలకపోతే ట్రైపాడ్ మీద బ్రాకెటింగ్, అంటే అదే ఫ్రేమ్‌ని వేర్వేరు వెలుగుల్లో తీసి కలపడం, చెయ్యొచ్చు. ఇంకోటి, ముసురులో వెలుగు ఆకాశం అంతటి నుంచీ మెత్తగా దిగుతుంది కాబట్టి గోడ మీద గట్టి నీడ ఉండదు. అలాంటి గోడ వెనక ఎండ చీల్చుకొస్తున్న మబ్బు అతికిస్తే చూసేవాళ్ళు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు. నాకైతే అక్కడే మనసు విరిగిపోతుంది, ఎందుకంటే ఆ రోజు అక్కడున్న నిజమైన అందం తడి. తడిసిన రాయి రంగు ముదురుతుంది, సమాధి రాళ్ళ మీద నాచు పచ్చగా మెరుస్తుంది, అరిగిపోయిన అక్షరాల గాడుల్లో నీళ్ళు నిలుస్తాయి. లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి, తిప్పి ఆ పైమెరుపు తగ్గించండి, ఆకాశాన్ని ఫ్రేమ్‌లో సన్నటి పట్టీకి కుదించండి.

పాతనెగటివ్:
పోలరైజర్ సంగతి ఒప్పుకుంటా. బ్లాక్ అండ్ వైట్ చేసి రెడ్ ఫిల్టర్ వాడితే మబ్బులు ముదరవా మరి?

తడిరాయి:
ముదరవండీ. రెడ్ ఫిల్టర్ నల్లగా చేసేది నీలాన్ని, మబ్బు బూడిద రంగు, దాన్నేం చెయ్యలేదు.

కిటికీ_పక్క:
అసలు ఎండ రోజు మళ్ళీ వెళ్ళండి అంటా నేను. పక్కవాటు ఎండ పడితేనే చెక్కడాలు తేలతాయి, మబ్బులో అన్నీ చదునైపోతాయి.

తడిరాయి:
చెక్కడాలకి నిజమే. కానీ పాత చర్చిలు చాలావరకు తూర్పు పడమరలుగా కడతారు, ఉత్తరార్ధగోళంలో ఉత్తరం గోడకి ఏడాదిలో చాలా రోజులు నేరుగా ఎండ తగలదు. ఆ గోడ తియ్యాలంటే మబ్బు రోజే మేలు, ఆకాశానికీ గోడకీ మధ్య తేడా కాస్త తగ్గుతుంది.

ముసురు_ఫ్రేమ్:
ఇప్పుడే రా ఫైల్ మళ్ళీ తెరిచి చూశా. టవర్ వెనక నిజంగానే మూడు పొరల మబ్బులున్నాయి, కుడివైపు వాన చారలు కూడా! అతికించిన ఆకాశం తీసేశా. గేటు దగ్గర తడి బండల ఫ్రేమ్ ఒకటుంది, రాత్రికి అది పెడతా, చూసి చెప్పండి.