‘ముగురాఁడువార మైతిమి’: ఇందులో ఉన్నది మనమా, మేమా?

మూలాపేట, నెల్లూరు:

పగఱకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకు లెందున్
ముగురాఁడువార మైతిమి
వగపేటికి జలకమాడ వచ్చిన చోటన్

మన ఊరి చాటువే. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగాదాలో నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున, పశువుల మందల దొర కాటమరాజు మీదికి పోయిన ఖడ్గతిక్కన ఓడి ఇంటికొచ్చాడట. భార్య చానమ్మ నులకమంచం చాటు కట్టి, నీళ్లు తోడి, పసుపుముద్ద పెట్టింది. ఇదేందని అడిగితే ఈ కందం చెప్పింది: పగవాళ్లకు వెన్నిస్తే మగవాళ్లు నిన్ను చూసి నవ్వరా, ముగ్గురం ఆడవాళ్లమైపోయాం, స్నానానికి వచ్చిన చోట వగపెందుకు అని. బళ్లో వీరపత్ని పద్యమని చదివాం. నాకిప్పుడు మొగుడూ పెళ్లాల మాటగా వినపడతా ఉంది.

అత్త మాటతో పోల్చి చూడండి. ఆమె విరిగిన పాలు పోసి ‘పసులున్ విఱిగినవి తిక్క పాలున్ విఱిగెన్’ అంది. అదే పద్యంలో కొడుకును ‘మగపంద’ అని కూడా అనేసింది. కోడలు ఆ మాట అనలేదు. అత్తా నేనూ ఇద్దరం, నీతో ముగ్గురం అంది. ‘ఐతివి’ కాదు, ‘ఐతిమి’. దెప్పేటప్పుడు కూడా అతన్ని తమలో కలుపుకుంది. నాకు నచ్చింది అదే. మీరేమంటారు?

ఒంగోలు:

అన్నా, మరీ మెత్తగా చదివారు. అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ దంపతులను కూర్చోబెట్టి, తగవు పడే అంశం మీద మాట్లాడించి, ఏళ్ల తరబడి గమనించారు. కాపురానికి చేటు తెచ్చేవని గాట్‌మన్ నాలుగు చెప్పాడు: మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, తప్పు మీద వేసుకోకుండా సమర్థించుకోవడం, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోవడం. నాలుగింట్లో విడాకులకు అన్నిటికన్నా గట్టి సూచన చులకనేనట. మన ఇళ్లల్లో మూతి మూడు వంకర్లు తిప్పడం అదే. పసుపుముద్ద పెట్టడం ఇంకేంది? ‘నగరే’ అనడం ఒకటి, నలుగురు నవ్వుతారని. ‘నువ్వు వెనక్కి రావడం నాకు బాధగా ఉంది’ అంటే ఫిర్యాదు. ఇది ఫిర్యాదు కాదు.

మూలాపేట:

పసుపుముద్ద సంగతి ఒప్పుకుంటా. నేనడిగింది క్రియ గురించి. 2009లో లెవెన్సన్ బృందం నడివయసు, పెద్దవయసు దంపతుల తగవు మాటల్లో సర్వనామాలు లెక్కపెట్టింది. ‘వియ్’ (we) తరహా మాటలు ఎక్కువున్న జంటల్లో చేదు తక్కువ, గుండె వేగం వంటి ఒంటి ఉద్రేకమూ తక్కువ. నేను–నువ్వు మాటలు ఎక్కువైన చోట అసంతృప్తి కనపడింది. అయితే ఆ లెక్క ఇంగ్లీషులో పెట్టింది. మనకు ‘వియ్’ రెండు ముక్కలు: వినేవాళ్లను కలుపుకునే ‘మనం’, వదిలేసే ‘మేం’. ‘మేం అట్లా చెయ్యం, మీవాళ్లే చేస్తారు’ అని భార్య అంటే అక్కడున్నది ‘వియ్’ అని ఎవరైనా లెక్కేసుకుంటారా? అది నేను–నువ్వు కన్నా ఘోరం. మా ఇంట్లో పెళ్లైన కొత్తల్లో ‘మా ఇంట్లో’ ఎప్పుడు ‘మనింట్లో’ అవుతుందా అని పెద్దవాళ్లు చెవులు రిక్కించి వినేవాళ్లు!

చిక్కేందంటే క్రియకు ఆ తేడా లేదు. మేము ఐతిమి, మనము ఐతిమి, రెంటికీ ఒకటే ‘మి’. ఇక్కడ తేల్చింది ‘ముగురు’. ఇద్దరాడవాళ్లు ముగ్గురు కావాలంటే అతను చేరాల్సిందే.

కావలి:

చేరాడు సరే, ఎందులో చేరాడు? మన ‘మనం’ ఎప్పుడూ ప్రేమగా ఉండదు మాస్టారూ. పొద్దెక్కి లేచిన మొగుణ్ణి ‘మనం తొమ్మిదింటికి గానీ లేవం గదా’ అంటుంది పెళ్లాం. లేవనిది అతనొక్కడే. ‘మనకెందుకులే ఆ కష్టం’ అన్నా అంతే. ఎదుటివాణ్ణి పొడవడానికి తెలుగువాళ్లం ‘మనం’ వాడుకుంటాం. ఈ పద్యంలో ఉన్నది ఆ ‘మనమే’ అని నా పట్టు. కాబట్టి తెలుగులో ఎవరైనా ఆ పరిశోధన చేస్తే మాటలు లెక్కపెడితే చాలదు, గొంతు వినాలి.

కనిగిరి:

ఒక ఆడమనిషిగా నా మాట కూడా రాసుకోండి. ఆడదానివైపోయావు అనడమే ఇక్కడ తిట్టు. ఆ తిట్టు ఆమె నోటనే పెట్టారు చాటువు కట్టినవాళ్లు. దాన్ని దాటేసి కలుపుకుంది, కలుపుకోలేదు అని కొట్లాడుకుంటుండారు మీరు. పైగా ఫలితం తెలుసుగా, మళ్లీ యుద్ధానికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

మూలాపేట:

అక్కా, అది న్యాయమైన మాట. కావలి అన్న ‘మనం’ ముందు నా వాదన కూడా సగం పడిపోయింది. ఒక్కటి మాత్రం కలుపుతా. మాట కన్నా వేళ చెడ్డది. తగవులో నాడి నిమిషానికి 100 దాటితే ఎదుటి మాట సరిగా చెవికెక్కదని, కనీసం 20 నిమిషాలు ఎడంగా ఉండి కుదుటపడ్డాక మాట్లాడుకోమని గాట్‌మన్ సలహా. ఈయన యుద్ధం నుంచి అప్పుడే దిగాడు, ఇంకా స్నానం కూడా కాలేదు.

ఒంగోలు:

‘వగపేటికి’ని ఎట్లా తీసుకుంటారు? సిగ్గెందుకు అనా, దిగులెందుకు అనా? దిగులైతే నా ‘చులకన’ కొంచెం తగ్గించుకుంటా.