అప్‌డేట్: పగడాల తొట్టెకు చివరికి అమర్చిన లైట్లు

డాలస్‌లోని మా ఇంట్లో ఉన్న మూడడుగుల పగడాల తొట్టెకు (సజీవ పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియానికి) టీ5 ట్యూబులు, అంటే సన్నని ఫ్లోరోసెంట్ ట్యూబులు మంచివా, ఎల్ఈడీ మంచిదా అని రెండు నెలల క్రితం అడిగాను. వేసవిలో నీరు వేడెక్కడమే నా ప్రధాన సమస్య కనుక, మీలో ఎక్కువమంది సూచించినట్లే నీటిని తక్కువగా వేడి చేసే ఎల్ఈడీ లైట్లు రెండు అమర్చాను.

అయితే మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాను. లైట్లను ఒకేసారి 70 శాతానికి పెంచడంతో హ్యామర్ పగడం (సుత్తి ఆకారపు కొసలున్న స్పర్శకాల పగడం) తన స్పర్శకాలను పూర్తిగా లోపలికి ముడుచుకుంది; అంచున గోధుమ రంగు పోయి, గోరంత మేర తెల్లబడింది. పగడపు కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలే దాని ఆహారంలో అధిక భాగాన్ని సమకూరుస్తాయి కాబట్టి, తీవ్రమైన కాంతికి అవి బయటికి పోతే పగడం ఆకలితో క్షీణిస్తుందని అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. వెంటనే 30 శాతానికి తగ్గించి, వారానికి 5 శాతం చొప్పున పెంచుతూ వచ్చాను. పార్ మీటరు (కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే కాంతిని కొలిచే పరికరం) అద్దెకు తెచ్చి కొలిస్తే ఇసుక దగ్గర 90, రాళ్ల పైభాగంలో 210 వచ్చింది. హ్యామర్‌ను 110 ఉన్న చోటికి దించాను. కంటికి వెలుతురు అంతటా ఒకేలా కనిపించింది కనుక, ఇంత తేడా ఉంటుందని నేను ఊహించలేదు.

నిన్న ఉదయం నీలి కాంతి వెలిగిన అరగంటకు హ్యామర్ స్పర్శకాలు మళ్లీ పూర్తిగా విచ్చుకున్నాయి. తెల్లబడిన అంచు మాత్రం ఇంకా కోలుకోలేదు.