పైరో నెగెటివ్: బ్లూ రీడింగా, విజువల్ రీడింగా?

చీకటిగది_శీను:
హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ని పీఎంకే పైరోలో (నెగెటివ్‌కి రంగు మరక కూడా పట్టించే డెవలపర్) కడుగుతున్నాను. పసుపు కలిసిన ఆకుపచ్చ మరక బాగానే పట్టింది. డెన్సిటీని, అంటే నెగెటివ్ వెలుతురుని ఎంత ఆపుతుందో కొలిచే పాత ఎక్స్‌రైట్ 810 డెన్సిటోమీటర్‌తో చూస్తే, ఎండలో తెల్లచొక్కా ఉన్నచోట విజువల్‌లో 1.05, అదే చోట బ్లూలో (నీలి వెలుతురులో) 1.38. ఒక స్టాప్‌కి (వెలుతురు సగమవడం, అంటే 0.30) పైనే తేడా! డెవలప్ టైమ్ తేల్చుకోవడానికి ఏది నమ్మాలి?

ప్లాటినం_మావయ్య:
బ్లూనే, ఇందులో చర్చే లేదు. వెండి అన్ని రంగుల వెలుతురునీ ఇంచుమించు ఒకేలా ఆపుతుంది. మరక అలా కాదు, నీలాన్నీ అతినీలలోహితాన్నీ ఎక్కువ ఆపుతుంది. విజువల్ రీడింగ్ మన కంటి లెక్క, పేపర్‌కి మన కళ్లు లేవు కదా! నేను అతినీలలోహితంతో (యూవీ) పడే ప్లాటినం, సయనోటైప్ ప్రింట్లు వేస్తాను కాబట్టి 361టీ మీటర్ యూవీ మోడ్‌లోనే చూస్తాను.

రత్నం_బీడబ్ల్యూ:
మావయ్య గారూ, మీ పనికి అది సరే. మల్టీగ్రేడ్ పేపర్ సంగతేంటి? అది నీలానికీ ఆకుపచ్చకీ రెండిటికీ స్పందిస్తుంది. నీలం పడితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, ఆకుపచ్చ పడితే తగ్గుతుంది. పసుపు మరక నీలానికి అడ్డం. మరక చిక్కగా ఉండేది హైలైట్స్‌లో (బొమ్మలో తెల్లగా వచ్చే చోట్ల) కాబట్టి అక్కడ పేపర్ మెత్తబడుతుంది, అంటే కాంట్రాస్ట్ తగ్గుతుంది. ఒకే నెగెటివ్‌లో చోటుచోటుకీ గ్రేడు (పేపర్ కాంట్రాస్ట్ స్థాయి) మారుతుంటే బ్లూ అంకె ఒక్కటి ఏం చెబుతుంది? దాన్ని నమ్మి టైమ్ తగ్గించారా, ప్రింట్లు చప్పగా వస్తాయి.

చీకటిగది_శీను:
నాది మల్టీగ్రేడే, రెండో గ్రేడ్ ఫిల్టర్.

కొలతల_కామేశం:
మీరిద్దరూ వెండినీ మరకనీ కలిపే కొలుస్తున్నారు. టెస్ట్ ఫిల్మ్ ముక్కని ఫెర్రీసయనైడ్‌లో బ్లీచ్ చేసి ఫిక్సర్‌లో వేయండి. వెండి పోతుంది, మరక మిగులుతుంది. దాన్ని బ్లూలో కొలిచి, బొమ్మ లేని అంచు రీడింగ్ తీసేయండి. మిగిలిందే బొమ్మకి పట్టిన మరక. (గ్లవ్స్ మరవకండి, పైరో విషం.)

రత్నం_బీడబ్ల్యూ:
అంచు మరకని అలా ఎలా తీసేస్తారు కామేశం గారూ? మల్టీగ్రేడ్‌కి అది లెన్స్ ముందు పెట్టిన పసుపు ఫిల్టర్‌తో సమానం. శీను గారూ, మీటర్ పక్కన పెట్టండి. 21 మెట్ల స్టౌఫర్ వెడ్జ్‌ని (మెట్టుమెట్టుకీ డెన్సిటీ పెరిగే ఫిల్మ్ పట్టీ) నెగెటివ్ పక్కనే పెట్టి, మీ పేపర్ మీద, మీ ఫిల్టర్‌తో, ఒకే ఎక్స్‌పోజర్‌లో కాంటాక్ట్ ప్రింట్ (పేపర్‌కి ఆనించి తీసేది) తీయండి. చొక్కా టోన్ ఏ మెట్టుతో కలిస్తే ఆ మెట్టే మీ పేపర్ చూసిన డెన్సిటీ.

ప్లాటినం_మావయ్య:
తెలుపు దగ్గర మెట్టుకీ మెట్టుకీ తేడా కంటితో పట్టడం ఎవరి తరం?

రత్నం_బీడబ్ల్యూ:
తెలుపులో ఎందుకు చూడాలి? ఎక్స్‌పోజర్ పెంచి చొక్కాని నడిమి బూడిదరంగుకి దించండి. అక్కడ తేడా ఇట్టే తెలుస్తుంది.

చీకటిగది_శీను:
తీశాను. చొక్కా 8, 9 మెట్ల మధ్య పడింది. మొదటి మెట్టు 0.05, ఆపైన మెట్టుకి 0.15 లెక్కన 1.20కి కాస్త అటూఇటూ. బ్లూ కాదు, విజువల్ కాదు!

ప్లాటినం_మావయ్య:
మీ పేపర్ వరకు ఒప్పుకుంటాను. అదే నెగెటివ్‌తో సయనోటైప్ వేసిన రోజు మళ్లీ యూవీకే రావాలి.

కొలతల_కామేశం:
ఆ 1.20లో అంచు డెన్సిటీ కూడా ఉంది. దాంతో టైమ్ ఎలా కడతారు? నీడ భాగాన్ని కూడా అదే పేపర్ మీద వెడ్జ్‌తో పోల్చి, రెండిటి తేడా పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.