సమస్యాపూరణం: "గుండె లేక సాగు గుప్తగంగ" (ఆటవెలది)

నిర్వాహకుడు: పోయిన వారం "ఎముకలోనఁ బుట్టు నెర్రదనము" ఇచ్చాను. మూలుగలో పుట్టి 120 రోజులు బతికే ఎర్ర కణాల మీద చక్కటి పూరణలు వచ్చాయి. ఈసారి లింఫు, అంటే కణాల మధ్య మిగిలిన నీటిని సన్నని నాళాల గుండా తిరిగి నెత్తురుకు చేర్చే ద్రవం. బీఫార్మసీ మొదటి ఏడాది పిల్లలు ఎముకలు, నెత్తురు ఇష్టంగా చదువుతారు, లింఫు దగ్గరకొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. నాకు అది బాధ. పద్యంలో గణం తప్పకూడదు, శరీరశాస్త్రమూ తప్పకూడదు.

పొన్నచెట్టు:

కండ బిగిసి వదలఁ గదలుచుఁ బైకెక్కి
తలుపులెన్నొ దాటి తరలిపోయి
వెనుక మరలి రాక వెచ్చని మెడదాక
గుండె లేక సాగు గుప్తగంగ

నిర్వాహకుడు: సమస్య ముడి మొదటి పాదంలోనే విప్పేశారు. నడిచినప్పుడు పిక్క బిగుస్తుంది, లింఫు పైకి జరుగుతుంది. వదిలినప్పుడు కిందికి జారకుండా కవాటం మూసుకుంటుంది. నాళం గోడ కూడా తనంతట తాను ముడుచుకుంటుంది, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లాగుతుంది. ఒక్క "వెచ్చని" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. మెడ వెచ్చగా ఉంటే ఏమిటి, చల్లగా ఉంటే ఏమిటి? "వెడలుచు మెడదాక" అంటే యతి నిలుస్తుంది, అర్థమూ నడుస్తుంది. మెడ ఎందుకో పిల్లల కోసం చెబుతున్నా. ఎడమ మెడసిర, కాలర్ ఎముక కింది సిర కలిసేచోటే థొరాసిక్ డక్ట్, అంటే ఒంట్లోకెల్లా పెద్ద లింఫు నాళం, నెత్తురులో కలుస్తుంది.

పొన్నచెట్టు: "వెడలుచు" బాగుందండీ, మార్చుకుంటాను.

ఫస్టియర్ విద్యార్థిని: సార్, నాది మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. "మూడు లీటర్ల నీరు మోయును దినమున". చాలా టెన్షన్‌గా ఉంది.

నిర్వాహకుడు: టెన్షన్ వద్దమ్మా, లెక్క సరైనదే, రోజుకు ఇంచుమించు మూడు లీటర్లు. "లీటర్ల"లో "ట" తర్వాత సంయుక్తాక్షరం "ర్ల" ఉంది కాబట్టి "ట" గురువైంది, సూర్యగణం చెడింది. "మూడు లీటరులను మోయును దినమున" అని చూడు. గలం, గలం, నగణం, ఆపైన రెండు ఇంద్రగణాలు. మూ-మో యతి నీకు ముందే కుదిరింది. మిగతా రెండు పాదాలు రేపటికి రాయి.

మందులకొట్టు:

పేగునుండి కొవ్వు పేర్మితోఁ గైకొని
కార్జమంటకుండఁ గడచిపోయి
మందు దాచుకొనుచు మరుగున నడిపించు
గుండె లేక సాగు గుప్తగంగ

నిర్వాహకుడు: ఫార్మసీ వాళ్లు మాత్రమే రాయగల పద్యం ఇది! మామూలు మాత్ర పేగులో కరిగితే పోర్టల్ సిర నేరుగా కార్జానికి తీసుకెళ్తుంది, అక్కడ సగం మందు అరిగిపోవచ్చు. కొవ్వులో బాగా కలిసే టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ (ఒక హార్మోన్ మందు) లాంటివి కొవ్వుతోపాటు లింఫులోకి జారుకుంటాయి. అందుకే ఆ క్యాప్సూల్‌ను భోజనంతో వేసుకోమంటారు. అయితే "అంటకుండ" అనేది ఎక్కువైంది. నెత్తురులో కలిశాక ఆ మందు ఎప్పటికైనా కార్జం దగ్గరికి రావలసిందే. తప్పించుకునేది మొదటిసారి మాత్రమే. "తొలుత కార్జమునకుఁ దొలగిపోయి" అంటే శాస్త్రమూ నిలుస్తుంది, తొ-దొ యతీ నిలుస్తుంది.

మందులకొట్టు: ఒప్పుకున్నాను. మరి నాదొక అభ్యంతరం. కప్పకు లింఫు గుండెలు ఉన్నాయి కదా, సమస్య తప్పు కాదా?

నిర్వాహకుడు: నిజమే, కప్పకు ఉన్నాయి, కొట్టుకుంటాయి కూడా. మనకు లేవు. పూరణలు మనిషి ఒంటి గురించే అని ముందే చెప్పాల్సింది.

గోదారి గట్టు:

దోమ కాటు వలన దూరిన పురుగులు
దారి మూసివేయఁ దల్లడిల్లి
కాలిలోన నిలిచి కడపటఁ జెరువయ్యె
గుండె లేక సాగు గుప్తగంగ

మా నాయనమ్మకు బోదకాలు. వెండి కడియం చర్మంలోకి దిగిపోతే కంసాలి ఇంటికొచ్చి కోసి తీశాడు. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా పూడేది. తర్వాత్తర్వాత నొక్కినా గుంట పడలేదు, రాయిలా అయింది.

నిర్వాహకుడు: గంగ చెరువవడం... ఇక నేను దిద్దేది ఏమీ లేదు. ఒక్కటి కలుపుతాను. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి కాబట్టే ఊళ్లో రాత్రి పొద్దుపోయాక రక్తం తీసేవారు. బోదకాలు పురుగుకు ఇప్పటికీ పంచుతున్న డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్) మాత్రను హెట్రజాన్ పేరుతో తెచ్చింది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. నెత్తురు పుట్టడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిందీ ఆ బృందమే. పోయినవారం పద్యానికీ ఈ వారం పద్యానికీ ఒకే మనిషి!

గోదారి గట్టు: ఆ మాత్ర మా నాయనమ్మ కాలు తగ్గించలేదండీ.

నిర్వాహకుడు: అవును. అది పురుగు పిల్లలను చంపుతుంది, ఒకసారి చెడిపోయిన నాళాన్ని తిరిగి ఇవ్వలేదు. వాపు వచ్చాక రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకోవడమే పెద్ద ఆసరా. ఇంట్లో ఎవరు కడిగేవారు?

గోదారి గట్టు: మా అమ్మ. పడుకునే ముందు ఇత్తడి బేసిన్‌లో.