ఆపరేటింగ్ సిస్టమ్‌కి మనం కడుతున్న ధర న్యాయమేనా?

పాతపెట్టె:
కొత్త కంప్యూటర్ బిల్లులో ఆపరేటింగ్ సిస్టమ్ ధర విడిగా వేసి ఉండటం ఎవరైనా చూశారా? నేనైతే చూళ్ళేదు. ప్రాసెసర్ ఏదో, మెమరీ ఎంతో, డిస్కు ఎంతో పొల్లుపోకుండా రాస్తారు. కంప్యూటర్‌ని నడిపే ఆ సిస్టమ్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ దగ్గరికొచ్చేసరికి ‘ఉంది’ అని ఊరుకుంటారు. విడిగా కొనుక్కుంటే విండోస్ 11 హోమ్‌కి మైక్రోసాఫ్ట్ అమెరికాలో చెప్పే ధర 139 డాలర్లు, ప్రోకి 199. కంప్యూటర్ తయారీదారుకి ఎంతకిస్తుందో మాత్రం బయటికి రాదు. ఒకసారి తయారయ్యాక ఇంకో కాపీ తీయడానికయ్యే ఖర్చు దాదాపు సున్నా. అలాంటి దానికి ఇంత ధర న్యాయమేనా? కాదనే నేనంటాను. మీ మాట చెప్పండి.

తెల్లకాగితం:
విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోండి. ధర సున్నా, గొడవ సున్నా.

కోడుకారు:
‘కాపీకి ఖర్చు సున్నా’ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి కాపీకి ఎంతయిందో ఎవరూ అడగరు. వేలమంది ఏళ్ళ తరబడి కూర్చుని రాస్తే అది తయారైంది. తయారయ్యాకా ఊరుకోరు, నెలనెలా అప్‌డేట్లతో భద్రతా కన్నాలు పూడుస్తూనే ఉంటారు.

ఇక ధరంటారా, 2001లో విండోస్ ఎక్స్‌పీ హోమ్ పూర్తి కాపీ 199 డాలర్లు. ఇప్పుడు 139. ఇన్నేళ్ళలో డాలరు విలువ ఎంత తరిగిందో కలిపి చూస్తే సగం కూడా లేదు. ఇంకో లెక్క చెప్తాను. 2009 అక్టోబరులో విండోస్ 7 కొన్నవాడికి 2015 జులై 29 నుంచి ఏడాదిపాటు విండోస్ 10 ఉచితంగా ఇచ్చారు. దాని అప్‌డేట్లు 2025 అక్టోబరు 14 దాకా వచ్చాయి. అంటే మిషను తట్టుకుంటే ఒక్కసారి డబ్బు కట్టి పదహారేళ్ళు. అన్నేళ్ళు రిపేరు ఖర్చు అడగని వస్తువు ఇంట్లో ఇంకొకటి చూపించండి.

పాతపెట్టె:
కోడుకారు గారూ, పదహారేళ్ళ లెక్క బాగుంది. మరి ఆ ధర ఎలా పెట్టారో కూడా చూద్దాం. అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. 1999 నవంబరు 5న జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ తేల్చిన వాస్తవాల్లో ఒకటి ఇది. పాత విండోస్ ఉన్నవాళ్ళు మారడానికి కొనే విండోస్ 98 అప్‌గ్రేడ్‌ని 49 డాలర్లకి అమ్మొచ్చని 1997 నవంబరు నాటి కంపెనీ సొంత అధ్యయనంలోనే ఉంది. ఆ ధరకి అమ్మితే నష్టమొస్తుందని అనుకోవడానికి కారణమేమీ లేదన్నాడు జడ్జి. కానీ అందరికంటే ఎక్కువ రాబడి 89 దగ్గర వస్తుందని అదే అధ్యయనం చెప్పింది. 89కే అమ్మారు.

ఆ మధ్యలో ఉన్న 40 డాలర్లు ఏ కన్నం పూడ్చడానికో చెప్పండి.

కోడుకారు:
అది అప్‌గ్రేడ్ ధర. పూర్తి కాపీ ధర కాదు. మీరు అడిగింది కొత్త కంప్యూటర్ గురించి.

పాతపెట్టె:
అప్‌గ్రేడ్ అయితే ఏం? అదే కంపెనీ, అదే సరుకు, అదే బుద్ధి.

కోడుకారు:
ఏం కాదా? అప్‌గ్రేడ్ కొనడం కొనకపోవడం కొనేవాడి ఇష్టం. విండోస్ 95తో పని నడుస్తుంటే 98 కొనమని ఎవరూ మెడ పట్టుకోలేదు. ఇష్టముంటే కొనుక్కునే దానికి ఎక్కువ రాబడి వచ్చే ధర పెట్టడం ఏ వ్యాపారైనా చేసేదే. ‘నష్టం రాదు’ అన్న చోట అమ్మాలని రూలు పెడితే కూరగాయలమ్మే మనిషి కూడా దొంగే అవుతుంది.

రాత్రిడ్యూటీ:
కూరగాయల దగ్గర పక్క బండి ఉంటుంది కదండీ.

సున్నా_ఒకటి:
రాత్రిడ్యూటీ గారు ఒక్క ముక్కలో చెప్పారు. 49 వదిలి 89 పెట్టడం తప్పని కాదు, పక్క బండి ఉంటే అది నిలబడేదా అన్నదే అక్కడ ప్రశ్న. పోటీ ఉన్నవాడు తన ధర పక్కవాడి ధరని చూసి పెట్టుకుంటాడు, ఇక్కడ అలా చూసే అవసరమే పడలేదు.

ఆ పక్క బండి ఎందుకు లేదో కూడా చూడాలి. 1994 దాకా తయారీదారులతో ఒక రకం ఒప్పందాలుండేవి. అందులో విండోస్‌గానీ మైక్రోసాఫ్ట్ పాత సిస్టమ్ డాస్‌గానీ ఎక్కించారా లేదా అన్నది కాదు లెక్క, ఎన్ని మిషన్లు బయటికెళ్ళాయన్నదే లెక్క. వేరే సిస్టమ్ వేసి అమ్మినా మైక్రోసాఫ్ట్‌కి డబ్బు కట్టాల్సిందే. ఇక రెండోదానికి డబ్బు పెట్టి వేసేదెవరు? ఆ ఏడాది ప్రభుత్వంతో రాజీపడి ఆ పద్ధతి మానుకున్నారు. అప్పటికే బజారంతా చేతిలోకి వచ్చేసింది.

ఆపిల్ సంగతి ఇంకో దారి. వాళ్ళ సిస్టమ్ వెర్షన్లలో 2007లో లెపర్డ్ 129 డాలర్లు, 2009లో స్నో లెపర్డ్ 29, 2013లో మావెరిక్స్ ఉచితం. సాఫ్ట్‌వేర్ చవకైపోయిందనుకుంటున్నారా? ఆ సిస్టమ్‌ని ఆపిల్ మిషను మీద తప్ప ఇంకెక్కడా వేయకూడదని లైసెన్సులోనే ఉంటుంది. దాని ధర మిషను ధరలో కలిసిపోయింది, అంతే.

తెల్లకాగితం:
మళ్ళీ చెప్తున్నా, లినక్స్.

కోడుకారు:
లినక్స్ కూడా గాలికి పండలేదు తెల్లకాగితం గారూ. దాని గుండెకాయ లాంటి కెర్నెల్ కోడులో పెద్ద భాగం కంపెనీల్లో జీతాలు తీసుకునేవాళ్ళు రాస్తున్నదే. లినక్స్ మీదే బతికిన రెడ్ హ్యాట్ కంపెనీని ఐబీఎం 2019లో 34 వందల కోట్ల డాలర్లకి కొంది. మీకు సున్నా అంటే ఇంకెవరో కడుతున్నారని.

రాత్రిడ్యూటీ:
విండోస్‌కి కట్టినా ఆ ‘ఇంకెవరో’ మనమే అవుతున్నాంగా. 2024 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత విండోస్ 11 స్టార్ట్ మెనూలో యాప్ ప్రకటనలు మొదలయ్యాయి. ‘సిఫార్సులు’ అని పేరు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపేయొచ్చు, నిజమే. డబ్బిచ్చి కొన్న వస్తువులో ప్రకటనలు నేనెందుకు ఆపుకోవాలి? ముందుగా నన్నడిగి పెట్టొచ్చుగా.

పాతపెట్టె:
కోడుకారు గారు ఇంకా 40 డాలర్ల సంగతి చెప్పలేదు.

కోడుకారు:
చెప్పాను. అప్‌గ్రేడ్, ఇష్టముంటేనే. మీకు వినబడటం లేదంతే. ఇంకోటి, ఆ కేసులో కంపెనీని రెండు ముక్కలు చేయమన్న ఆదేశాన్ని 2001లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ సంగతి మీరు చెప్పలేదే?

పాతపెట్టె:
గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకున్నారన్న తీర్పు అదే అప్పీలు కోర్టులో నిలబడింది. ఆ సంగతి మీరు చెప్పలేదే?

సున్నా_ఒకటి:
ఇద్దరూ పాతికేళ్ళ కిందటి కేసులోంచి బయటికి రండి. మొదటి ప్రశ్న బిల్లు గురించి. దాని మీద తీర్పే ఉంది. 2008లో ఫ్రాన్స్‌లో ఒకాయన విండోస్ విస్టా ఎక్కించి ఉన్న సోనీ ల్యాప్‌టాప్ కొన్నాడు. సాఫ్ట్‌వేర్ నాకొద్దు, దాని ధర వెనక్కివ్వమన్నాడు. అది కుదరదు, కావాలంటే మొత్తం ల్యాప్‌టాప్ తెచ్చేయి, డబ్బిచ్చేస్తాం అన్నారు. యూరోపియన్ యూనియన్ కోర్టు 2016 సెప్టెంబరు 7న ఏం చెప్పిందంటే, సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్మడం దానికదే అన్యాయ వ్యాపారం కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌కి ఎంతో విడిగా చెప్పకపోవడం మోసమూ కాదు. కాబట్టి పాతపెట్టె గారూ, బిల్లు సంగతి చట్టం దగ్గర ఓడిపోయింది. నాకు నచ్చలేదు, కానీ ఓడిపోయింది.

పాతపెట్టె:
చట్టం ఒప్పుకుందంటే న్యాయమైపోయినట్టేనా? 1999 ఫిబ్రవరి 15న లినక్స్ వాడేవాళ్ళు కాలిఫోర్నియాలో మైక్రోసాఫ్ట్ ఆఫీసు ముందుకెళ్ళి ‘మేం వాడని విండోస్‌కి కట్టిన డబ్బు వెనక్కివ్వండి’ అన్నారు. లైసెన్సులోనే రాసి ఉంది, ఒప్పుకోకపోతే తయారీదారుని అడిగి డబ్బు తీసుకోవచ్చని. అక్కడికి పొమ్మంటే ఇక్కడికి, ఇక్కడికి పొమ్మంటే అక్కడికి తిప్పారు. మీరు ఏ కోర్టు పేరు చెప్పినా ఆ తిప్పడం నాకు తెలుసు, నేనూ తిరిగాను.

కోడుకారు:
తిరిగినవాళ్ళ బాధ ఏమిటో నాకూ తెలుసు. ఈ వాదనంతా చివరికి ఎక్కడ తేలుతుందో కూడా తెలుసు. ‘ధర అన్యాయం, కాబట్టి నేను కొట్టేసిన లైసెన్సు కీ వేసుకున్నాను.’ డబ్బివ్వడం ఇష్టం లేక నీతి మాట్లాడటం. ఈ వేదికలో సగం మంది అదే బాపతు.

పాతపెట్టె:
ఎవరిని పట్టుకుని ఏమంటున్నావు? నేను ఈ ఒక్క ల్యాప్‌టాప్‌కే రెండుసార్లు కట్టినవాణ్ణి. విను.

పోయినేడు మదర్‌బోర్డు కాలిపోయింది. పేరు చెప్పను, ఒక సర్వీసు సెంటర్ వాళ్ళు కొత్త బోర్డు వేసి ఇచ్చారు. తయారీదారు ఎక్కించిన కీ పాత బోర్డులో ఉంటుంది, దాన్ని కొత్త బోర్డులోకి ఎక్కించి ఇవ్వాలి. ఎక్కించలేదు. అడిగితే మాది హార్డ్‌వేరే అన్నారు. తయారీదారు దగ్గరికెళ్తే బోర్డు మార్చినవాళ్ళని అడగమన్నారు. నాలుగు వారాలు. చివరికి విసిగి ఒక సైటులో చవగ్గా కీ కొన్నాను. అయిదో నెలలో అది చచ్చింది. ఇప్పుడు తెర కింద కుడిమూల లేత బూడిదరంగు అక్షరాలు, విండోస్‌ని యాక్టివేట్ చేయమని. నేను జమాఖర్చులు రాసుకునే పట్టీలో ‘మొత్తం’ అంకె సరిగ్గా ఆ అక్షరాల కిందే పడుతుంది. మూడో, ఎనిమిదో అర్థం కాదు.

నేను దొంగనా?

రాత్రిడ్యూటీ:
కోడుకారు గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

కోడుకారు:
మీ విషయంలో తీసుకుంటున్నాను. తొందరపడ్డాను, క్షమించండి.

ఎందుకన్నానో కూడా చెప్తాను. నేను స్కూళ్ళకి టైంటేబుల్ వేసే చిన్న ప్రోగ్రాం రాసి అమ్ముతాను. మూడేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని రాసింది. ఒకరోజు ఒక మెయిల్ వచ్చింది, ‘శనివారం పీరియడ్లు తప్పుగా వస్తున్నాయి, వెంటనే సరిచేయండి’ అని. కింద తెర ఫొటో. ఆ ఫొటోలో కనబడుతున్న కీ నా మొట్టమొదటి కస్టమర్‌ది. అంటే ఈయన కట్టలేదు, పైగా రిపేరు అడుగుతున్నాడు. డబ్బు కట్టండంటే ఏమన్నాడో తెలుసా? ‘ఇంకో కాపీ ఇస్తే మీకేం పోయింది?’ పాతపెట్టె గారి మొదటి పోస్టులో ‘కాపీకి ఖర్చు సున్నా’ అని చదవగానే నాకు ఆ మెయిలే కళ్ళముందుకొచ్చింది.

సున్నా_ఒకటి:
అంటే ఇంతసేపూ మీరిద్దరూ వాదించుకున్నది ఇక్కడ లేనివాళ్ళతో అన్నమాట. ఒకరు సర్వీసు సెంటర్‌తో, ఒకరు శనివారం పీరియడ్ల ఆయనతో.

పాతపెట్టె:
ఉండొచ్చు. సరే, ఒకటడుగుతాను. మీ కస్టమర్ కంప్యూటర్ పాడైతే ఏం చేస్తారు? మీ కీ కూడా మిషనుకే కట్టి ఉంటుందా?

కోడుకారు:
మిషనుకే. పాడైతే మెయిల్ పెడతారు, కొత్త కీ ఇస్తాను. బోర్డు కాలిపోయిందని ఎవరైనా అంటే నిజమా కాదా అని నేను ఆరా తీయను.

పాతపెట్టె:
చూశారా! నాది అదే. 139 అయితే 139, ఇవ్వనని నేననలేదు. నేను కొన్నదేమిటో చెప్పమంటున్నాను. నేను కొన్నానా, నా బోర్డు కొందా? బోర్డు కొంటే అది సగం ధరకి రావాలి, ఎందుకంటే బోర్డు నాకంటే ముందు పోతుంది.

కోడుకారు:
బోర్డుకి కట్టి అమ్ముతారు గనకే తయారీదారుకి చవగ్గా ఇస్తారు. మనిషికి కట్టి ఇమ్మంటే ఇంకో మిషనుకి మార్చుకోగలిగే రిటైల్ కాపీ ఉంది. ఆ 139 అదే. అది కొనుక్కుంటే మీ బోర్డు కాలినా మీ లైసెన్సు కాలదు.

పాతపెట్టె:
కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఆ రెండింటిలో ఏది కావాలో నన్నెవరైనా అడిగారా? ఏది ఎంతో బిల్లులో రాశారా? రాసుంటే నేనే ఎంచుకునేవాణ్ణి. ధర తెలిస్తేగా అది ఎక్కువో తక్కువో అనడానికి.

కోడుకారు:
రాయాలనే నేనూ అంటాను. కానీ రాసినా మనిషికి కట్టిన దాన్ని వందలో ఇద్దరు కూడా తీసుకోరు. చవకదే తీసుకుంటారు, బోర్డు కాలాక మీలాగే వచ్చి ఇక్కడ రాస్తారు.

పాతపెట్టె:
అప్పుడు తప్పు వాళ్ళది. ఇప్పుడు నాది కాదు.

కోడుకారు:
అలా అనే రోజు వచ్చినప్పుడు చూద్దాం. మిమ్మల్ని ఆ రోజు వాళ్ళ పక్షానే చూస్తానని నా అనుమానం.

తెల్లకాగితం:
ఇంత రాసే టైములో నేను రెండు మిషన్లకి లినక్స్ ఎక్కించేవాణ్ణి.

రాత్రిడ్యూటీ:
పాతపెట్టె గారూ, బోర్డు మార్చిన రసీదు ఉందా? ఉంటే ఆ సర్వీసు సెంటర్‌కే రాతపూర్వకంగా పెట్టండి. కీ ఎక్కించే టూలు తయారీదారు అధికారిక సెంటర్లకి ఇస్తాడు. నోటిమాటకి పలకనివాళ్ళు కాగితానికి పలుకుతారు.

పాతపెట్టె:
రసీదు ఉంది. రేపు పెడతాను. అప్పటిదాకా పట్టీ కిటికీని రెండు వరసలు పైకి జరుపుకుని చూసుకుంటున్నాను. అది ఎనిమిదే.