ఫార్మా కంపెనీల్లో రెగ్యులేటరీ సమాచారంపై సర్వే: అసలు ఏం అడగాలి?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, హైదరాబాద్

నమస్తే అండీ. ఏ దేశంలో ఏ మందుకు ఏం అనుమతి ఉందన్న సమాచారాన్ని మన జెనరిక్ కంపెనీలు ఎలా చూసుకుంటున్నాయో ప్రాజెక్టు కోసం సర్వే చేస్తున్నాను. "రిమ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారా? ఎప్పటి నుంచి? 5కి ఎన్ని మార్కులు ఇస్తారు?" అని గూగుల్ ఫామ్ పెట్టాను. రిమ్ అంటే ఈ అనుమతుల సమాచారాన్ని ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్. దాదాపు అందరూ "వాడుతున్నాం, 4" అన్నారు. గైడ్ గారు ఇంకొంతమందికి పంపమంటున్నారు. పంపితే ఏమైనా తేలుతుందా?

ఆర్‌ఏ (అనుమతుల విభాగం) మేనేజర్, బాచుపల్లి

ఎంతమందికి పంపినా ఆ 4 మారదమ్మా. సాఫ్ట్‌వేర్ ఉందా అంటే, కొన్నవాళ్లు ఉందనే చెబుతారు. దాన్ని వదిలేసి పని గురించి అడగండి.

ఒక టాబ్లెట్ షెల్ఫ్ లైఫ్‌ని 24 నెలల నుంచి 36కి పెంచారనుకుందాం. అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ప్రోటోకాల్ (పరీక్షల ప్రణాళిక) ప్రకారం పూర్తి స్టెబిలిటీ డేటా (మందు ఎంతకాలం నిలుస్తుందో చూసిన ఫలితాలు) ఉంటే అక్కడ యాన్యువల్ రిపోర్టులో చూపిస్తే సరిపోతుంది. యూరప్‌లో టైప్ 1బి వేరియేషన్ (చిన్న మార్పుకు దరఖాస్తు) వేసి 30 రోజులు ఆగాలి. ఇంకొన్ని దేశాల్లో అనుమతి ఉత్తరం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఆ మధ్యకాలంలో ఒకే ప్లాంటులో ఒకే టాబ్లెట్‌కి దేశాన్ని బట్టి వేరే ఎక్స్‌పైరీ ముద్రించాలి. అక్కడ పొరపాటు జరిగితే రీకాల్ దాకా పోతుంది. కాబట్టి మీ ప్రశ్న ఇలా ఉండాలి: "ఈ రోజు ఏ దేశంలో 24, ఏ దేశంలో 36? జవాబు కోసం ఎవరిని అడుగుతారు, ఎన్ని చోట్ల వెతుకుతారు?"

అనుమతి కోసం పంపిన ఫైలు అందరి దగ్గరా దొరుకుతుంది. ఏఎన్‌డీఏలను (జెనరిక్ మందుల దరఖాస్తులు) ఎఫ్‌డీఏ 2017 మే 5 నుంచి ఈ-సీటీడీ అనే ఎలక్ట్రానిక్ ఫార్మాట్‌లోనే తీసుకుంటోంది, ఆ మరుసటి ఏడాది నుంచి టైప్ 2 డీఎంఎఫ్‌లను (ముడిమందు వంటివాటి తయారీ వివరాల ఫైళ్లు) కూడా. పంపినదాంట్లో దేనికి అనుమతి వచ్చింది, దానికి బదులుగా మనం ఏం ఒప్పుకున్నాం అన్నది మాత్రం ఎక్కడో ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. నేను పాత కంపెనీలో చూసిన షీట్‌లో కొన్ని గడులకు పసుపు రంగు, కొన్నిటికి లేత నారింజ. పసుపంటే అప్లై చేశాం, జవాబు రాలేదని. నారింజ అంటే ఏమిటో షీట్‌లో ఎక్కడా రాసి లేదు. అది తయారుచేసినామె రిజైన్ చేసి వెళ్లిపోయింది. అక్కడా పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంది. మీ ఫామ్ వాళ్లకి వెళ్తే 4 అనే పెట్టేవారు.

క్యూఏ (నాణ్యత చూసే విభాగం), పరవాడ

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాదొక మాట: ఫామ్ ఆర్‌ఏ వాళ్లకే పంపకండి. ఛేంజ్ కంట్రోల్ (ప్లాంటులో చేసే మార్పుల రికార్డు) మా దగ్గర క్లోజ్ అవుతుంది, ఫైలింగ్ వాళ్ల దగ్గర జరుగుతుంది. ఒకే ప్రశ్న రెండు డిపార్ట్‌మెంట్లకీ వేసి జవాబులు పక్కపక్కన పెట్టండి. యూరప్‌కి వెళ్లే ప్రతి బ్యాచ్ అక్కడి లైసెన్సుకి తగ్గట్టే ఉందని అక్కడి క్యూపీ (బ్యాచ్ విడుదలకు బాధ్యుడైన నిపుణుడు) సంతకం పెట్టాలి. ఆయన అడిగిన రోజున రెండు డిపార్ట్‌మెంట్లూ రెండు జవాబులిస్తే మాకు ఎంత టెన్షనో చెప్పలేను.

రెగ్యులేటరీ డేటా, డబ్లిన్

డేటా ఎలా రాస్తున్నారో కూడా అడగండి. మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. అంటే హైడ్రోక్లోరైడ్ లవణం 500. మెట్‌ఫార్మిన్ బేస్ (లవణ భాగం లేకుండా అసలు మందు) లెక్కన అది 390. సిస్టమ్‌లో ఒకచోట 500, ఒకచోట 390 ఉంటే రెండూ ఒకే మందని కంప్యూటర్‌కి తెలియదు. ఐడీఎంపీ (మందుల వివరాలు ఒకేలా రాయడానికి పెట్టిన అంతర్జాతీయ) ప్రమాణాలు వచ్చింది ఇలాంటివి సరిచేయడానికే.

ఎం.ఫార్మసీ విద్యార్థిని, హైదరాబాద్

చాలా థాంక్స్ అండీ. ప్రశ్న మార్చాను: "ఒక మందు షెల్ఫ్ లైఫ్ అన్ని దేశాల్లో ఎంత ఉందో తెలుసుకోవడానికి సాధారణంగా ఎంతసేపు పడుతుంది?" కానీ కాన్ఫిడెన్షియల్ అని జవాబివ్వరేమోనని భయంగా ఉంది.

ఆర్‌ఏ మేనేజర్, బాచుపల్లి

మందు పేరు, దేశం పేరు అడగకండి, ఇస్తారు. "సాధారణంగా" తీసేయండి, దానికి అందరూ మంచి జవాబే రాస్తారు. "చివరిసారి ఇలా వెతకాల్సి వచ్చినప్పుడు ఎంతసేపు పట్టింది, మొదట ఏ ఫైలు తెరిచారు?" అని పెట్టండి. వీలైతే ఒకరిద్దరి పక్కన కూర్చుని, వాళ్లు వెతుకుతుంటే చూడండి. మా టీమ్‌లో కుదురుతుందేమో మా హెడ్‌ని అడుగుతాను, మీ కాలేజీ లెటర్ ఒకటి తెచ్చుకోండి.